పదమూడు ముక్కల వ్యాజ్యం

1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల కొందరు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. పేక ముక్కలు, కౌంటర్లు, రొక్కం స్వాధీనం చేసుకున్నారు. ఆడుతున్నవాళ్లతో పాటు క్లబ్బు నడిపేవాళ్ల మీదా కేసు పెట్టారు. మామూలుగా అయితే ఇలాంటిది మర్నాటి పేపర్లో ‘పేకాట రాయుళ్ల అరెస్టు’ అనే రెండంగుళాల వార్తతో సరి. కానీ ఈ కేసు అక్కడితో ఆగలేదు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. ఆ శిక్ష నిలవదని సెషన్స్ జడ్జి హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు ఔనని కేసు కొట్టేసింది. ప్రభుత్వం పట్టు విడవకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ’ అన్న పేరుతో 1967 నవంబరులో తీర్పు వచ్చింది. దాన్ని రాసినవారు జస్టిస్ హిదయతుల్లా, మరుసటి ఏడాదే ఆయన దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ప్రభుత్వం ఓడిపోయింది.

కొద్ది పేజీల తీర్పు అది. నలభై ఏళ్లు క్లబ్బుల గొడవలకే పరిమితమై, తర్వాత వేల కోట్ల వ్యాపారానికి పునాదిరాయి అయింది. సెల్‌ఫోన్‌లో రమ్మీ ఆడించే ప్రతి కంపెనీ, ఫాంటసీ క్రికెట్ నడిపే ప్రతి సంస్థ కోర్టుకెళ్లిన ప్రతిసారీ ఈ సికింద్రాబాద్ కేసునే ముందుకు తెచ్చింది. అయితే వాళ్లు గట్టిగా చదివింది తీర్పులో సగమే. రెండో సగం మీద ఎవరికీ అంత మమకారం లేకపోయింది. ఆ రెండో సగం లెక్క తేలడానికి 2025 దాకా పట్టింది.

పేకాట మన దగ్గర కొత్త కాదు. బాబరు 1527లో సింధు పాలకుడు షా హసన్‌కు గంజీఫా పేకలు పంపించానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. గంజీఫా ముక్క గుండ్రంగా ఉంటుంది. మొగలుల పేకలో ఎనిమిది జాతులు, జాతికి పన్నెండు చొప్పున 96 ముక్కలు. దశావతార గంజీఫాలో పది జాతులు, 120 ముక్కలు. మత్స్యం నుంచి కల్కి దాకా అవతారాలన్నీ చేతిలో పట్టుకుని ఆడేవారన్నమాట. కొయ్యబొమ్మలకు పేరుపడ్డ మన నిర్మల్‌లో చిత్రకారులు ఈ ముక్కల్ని కూడా చేత్తో గీసేవారు. తర్వాత అచ్చుయంత్రం మీద తయారైన యాభై రెండు ముక్కల పేక యూరప్ నుంచి వచ్చింది. ఇస్పేటు, కళావరు, డైమను, ఆఠీను ఊరి రచ్చబండ దాకా చేరాయి, గంజీఫా మ్యూజియం బాట పట్టింది.

పాచికలకైతే అంతకన్నా పాత చరిత్ర. నన్నయ సభాపర్వాన్ని తెలుగు చేసినప్పటి నుంచి ధర్మరాజు ఓటమి ఇక్కడ ప్రతి పిల్లవాడికీ తెలిసిన కథే. చిత్రమేమిటంటే జూదం చెడ్డదని అంత గట్టిగా నమ్మిన సమాజం పేకాటను మాత్రం ఎప్పుడూ పూర్తిగా వెలివేయలేదు. గురజాడ 1909లో తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట్లో ఊరి పెద్దమనుషులు చేరి పేకాడతారు. దొంగాటలు, దెప్పిపొడుపులు, మధ్యమధ్య వ్యవహారాలు, అన్నీ ఆ బల్ల చుట్టూనే నడుస్తాయి. నలుగురూ ఎవరెవరో తెలియాలంటే పేక పంచి చూడమన్నట్టు ఉంటుంది ఆ రంగం.

రమ్మీ ఇంకా తర్వాతి సంగతి, ఇరవయ్యో శతాబ్దపు ఆట. రెండు పేకలు కలిపి మనిషికి పదమూడు ముక్కలు పంచుతారు. జోకరు సాయం లేని ఒక సీక్వెన్సు కచ్చితంగా ఉండాలి, ఆ తర్వాతే మిగతా సెట్లు. మొదట్లోనే డ్రాప్ అయితే ఇరవై, మధ్యలో అయితే నలభై, ఎదుటివాడు షో కొట్టేసరికి చేతిలో ఏమీ కుదరకపోతే ఫుల్ కౌంటు ఎనభై. తెలుగు ఊళ్లలో దీనికి అన్నలాంటి ఆట ఒకటుంది, మూడు పేకలతో ఆడే ఇరవై ఒక్క ముక్కలాట. పెళ్లిళ్లలో, విడిది ఇళ్లలో, రైలు పెట్టెల్లో, తిరునాళ్లలో ఈ రెండూ ఎంత సహజమో చెప్పనక్కర్లేదు. ఆటలో పాతకాపు ఎవరో డ్రాప్ చేసే తీరు చూస్తే తెలిసిపోతుంది. చెత్త ముక్కలు పడితే ఇరవై ఇచ్చి లేచేవాడు పాతకాపు. ఒక్క ముక్క పడితే చాలని చివరిదాకా కూర్చుని ఎనభై రాయించుకునేవాడు కొత్తవాడు.

ఇక చట్టం సంగతి. బ్రిటిష్ వాళ్లు 1867లో ఉత్తర, మధ్య భారతం కోసం పబ్లిక్ గాంబ్లింగ్ చట్టం తెచ్చారు. ఆ చట్టం ఎవరి కోసం రాశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎవరి ఇంట్లో వాళ్లు నలుగురు స్నేహితులతో పేకాడుకుంటే దానికి పట్టలేదు. దాని గురి అంతా ‘కామన్ గేమింగ్ హౌస్’ మీద. అంటే ఇంటి యజమాని తన లాభం కోసం పేకలు, పాచికలు పెట్టి జనం చేత ఆడించే చోటు. నడిపేవాడికి 200 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల జైలు. ఆడేవాడికి 100 రూపాయలు లేదా ఒక నెల. నడిపేవాడి పాపం ఆడేవాడి పాపానికి రెట్టింపో మూడు రెట్లో అని ఆ రోజుల్లోనే లెక్క కట్టారు. నడివీధిలో పక్షులతో, జంతువులతో పందేలు కట్టడాన్ని కూడా అదే చట్టంలో ఒక మూలన చేర్చారు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరులు కట్టేవారి తాతముత్తాతల వంటివారు దొరల కంటబడ్డారన్నమాట.

ఆ చట్టం చివర్లో ఒక చిన్న కిటికీ వదిలారు. కేవలం నైపుణ్యంతో ఆడే ఆటకు ఇదేమీ వర్తించదని. హైదరాబాద్ సంస్థానంలో 1305 ఫసలీలో, అంటే 1895-96 ప్రాంతంలో వచ్చిన జూద నిరోధక చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. లాభం తీసుకునే ఇంటిని పట్టుకోవడం, నైపుణ్యపు ఆటను వదిలేయడం. నిజాం పోయాక కూడా ఆ చట్టం తెలంగాణ ప్రాంతంలో బతికే ఉంది. 1963లో సికింద్రాబాద్ పోలీసులు ప్రయోగించింది దాన్నే.

ఈలోగా సుప్రీంకోర్టు మరో ఆట మీద తీర్పు చెప్పేసింది. ఆ ఆట పేకాట కాదు, పదకేళి. ఆర్‌.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా అనే ఆయన బెంగళూరులో అచ్చయ్యే ‘స్పోర్టింగ్ స్టార్’ అనే వారపత్రిక ద్వారా బహుమతుల పదకేళి నడిపేవాడు. ప్రవేశ రుసుము కట్టి గళ్లు నింపి పంపితే అదృష్టం ఉన్నవాడికి పెద్ద మొత్తం. బొంబాయి రాష్ట్రం తన ప్రజలు కట్టే డబ్బు మీద పన్ను వేసింది. కేసు నడిచి 1957 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. రుగ్వేదంలోని జూదరి విలాపం మొదలుకుని ధర్మశాస్త్రాల దాకా తిరగేసి, జూదం వ్యాపారం కాదు, రాజ్యాంగం ఇచ్చే వ్యాపార స్వేచ్ఛ దానికి వర్తించదు అని కోర్టు తేల్చింది. అదే వరుసలో, నైపుణ్యంతో గెలిచే పోటీలు వేరు, వాటికి ఆ స్వేచ్ఛ ఉంటుందని కూడా చెప్పింది. ఒక రాష్ట్రంలో అచ్చయిన ఆట మరో రాష్ట్రం జేబులు ఖాళీ చేస్తే ఎవరు ఆపాలి అన్న తగవు అప్పటిదే. ఇంటర్నెట్ దాన్ని కనిపెట్టలేదు.

అలా గీత ఒకటి పడింది. ఇటు జూదం, అటు నైపుణ్యం. పదేళ్ల తర్వాత సత్యనారాయణ కేసులో అడిగిన ప్రశ్న: రమ్మీ ఆ గీతకు ఎటు వైపు?

హిదయతుల్లా జవాబు సూటిగా ఉంది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అలా కాదు. ఏ ముక్క ఎవరు వేశారో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తేల్చుకోవాలి. కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యపు ఆట. పేక కలిపినప్పుడు ఏ ముక్కలు వస్తాయన్నది అదృష్టమే, కానీ ఆ మాత్రం అదృష్టం బ్రిడ్జిలోనూ ఉందని పోలిక తెచ్చారు. బ్రిడ్జి పేరు రావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఆ రోజుల్లో జడ్జీలు, కలెక్టర్లు, డాక్టర్లు సాయంత్రాలు గడిపే క్లబ్బుల్లో బ్రిడ్జి మర్యాదస్తుల ఆట. దాన్ని జూదం అనే ధైర్యం ఎవరికీ ఉండదు. దాని పక్కన కుర్చీ వేయగానే రమ్మీకీ పరువు వచ్చింది.

తీర్పు అక్కడే ఆగి ఉంటే కథ వేరు. కోర్టు ఇంకో మాట కూడా అంది. క్లబ్బు తన సభ్యుల దగ్గర వసూలు చేసేది గది, బల్లలు, పేకల వంటి సదుపాయాలకు తగిన రుసుము మాత్రమే అయితే అది నేరం కాదు. కానీ రమ్మీ మీదో, పందెం కట్టి ఆడే మరే ఆట మీదో ఇంటి యజమానో క్లబ్బో లాభం గుంజుతున్నట్టు రుజువైతే నేరం నిలుస్తుంది. రమ్మీ నైపుణ్యమే అయినా సరే. ఇది 1867 నాటి చట్టం అసలు ఉద్దేశాన్నే తిరిగి చెప్పడం. ఆట ఎలాంటిది అనేది ఒక ప్రశ్న. ఆడించేవాడు ఏం తింటున్నాడు అనేది ఇంకో ప్రశ్న. క్లబ్బు రెండింటిలోనూ బయటపడింది కాబట్టి గెలిచింది.

తర్వాతి కాలంలో తెలుగు పట్టణాల్లో రిక్రియేషన్ క్లబ్బులు ఈ తీర్పు నీడలోనే బతికాయి. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రాష్ట్రమంతటికీ ఒకే చట్టం అయింది. నైపుణ్యపు ఆటకు మినహాయింపు అందులోనూ కొనసాగింది. పోలీసులు దాడి చేయడం, క్లబ్బులు హైకోర్టుకెళ్లి మేం ఆడేది పదమూడు ముక్కలే అనడం, మూడు ముక్కలు, లోపలా బయటా ఆడుతున్నారని పోలీసులు వాదించడం ఏళ్ల తరబడి నడిచిన తంతు. ఊరి చివర మామిడితోటల్లో జరిగే ‘పేకాట శిబిరాల’ మీద దాడి వార్తలు వేరు. పరువున్న క్లబ్బు ఒకటి, పరువు లేని తోట ఒకటి. రెండింటిలోనూ చేతులు మారింది నోట్లే. రాయలసీమలో మట్కా, సంక్రాంతి బరుల పక్కన గుండాట ఈ తర్కాలేవీ పట్టించుకోకుండా తమ దారిన తాము సాగాయి.

క్లబ్బు రమ్మీకి తనకు తానుగా కొన్ని కళ్లేలు ఉండేవి. కుర్చీలు ఇన్నే. పేక చేత్తో కలపాలి, ఒక ఆట ముగిసి మరోటి మొదలవడానికి సమయం పట్టేది. రాత్రి ఒక వేళకు తాళం వేసేవారు. ఎదురుగా కూర్చున్నవాడు తెలిసినవాడు. ఈ నెల జీతం మొత్తం పోయిందని వాడి ముఖంలో కనిపించేది, ఎవరో ఒకరు చాల్లే లేవరా అనేవారు.

2006 ప్రాంతంలో ఈ కళ్లేలన్నీ ఊడిపోయే రోజు వచ్చింది. ఆ ఏడాది ముంబయి కేంద్రంగా గేమ్స్ ట్వంటీఫోర్ సెవెన్ మొదలైంది. తర్వాత ‘రమ్మీ సర్కిల్’ ఆ కంపెనీదే. అదే కాలంలో హైదరాబాద్‌లో పుట్టిన హెడ్ ఇన్ఫోటెక్ ‘ఏస్ టు త్రీ’ అనే సైటు తెచ్చింది. అదే ఆ తర్వాత ‘ఏ ట్వంటీత్రీ’గా పేరు మార్చుకుంది. ఇలా తెలుగువారికి ఒంటబట్టిన ఆటను తెలుగు నేల మీది కంపెనీ కంప్యూటర్ తెర మీదికి ఎక్కించింది. మొదట్లో కంప్యూటర్లు తక్కువ, క్రెడిట్ కార్డులు ఇంకా తక్కువ, కాబట్టి వ్యాపారం మందకొడిగా నడిచింది. 2016లో చౌక డేటా, ఆ వెంటనే యూపీఐ. ఫోన్‌లో ఆట, ఫోన్‌లోనే డబ్బు. ఆట మధ్యలో లేచి బ్యాంకుకు పోవాల్సిన పని కూడా తప్పిపోయింది.

కంపెనీల ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో ఒక చిన్న లెక్క వేసుకుంటే సరిపోతుంది. ఆరుగురు తలా వంద రూపాయలు పెట్టారనుకుందాం. కుప్ప ఆరు వందలు. అందులో నూటికి పది కంపెనీ కమీషన్ అనుకుంటే గెలిచినవాడికి వచ్చేది 540. ఇప్పుడు ఆ ఆరుగురూ సమాన నైపుణ్యం ఉన్నవాళ్లనుకోండి. చాలాకాలం ఆడితే తలా వెయ్యి పెట్టి తొమ్మిది వందలు వెనక్కి తెచ్చుకుంటారు. ఎవరూ చెడ్డగా ఆడలేదు, ఎవరూ మోసం చేయలేదు, అయినా అందరూ ఓడిపోయారు. గెలవాలంటే పక్కవాడి కంటే కాస్త మెరుగ్గా ఆడితే చాలదు, కమీషన్‌ను కూడా దాటేంత మెరుగ్గా ఆడాలి. నిజంగా అంత నైపుణ్యం ఉన్నవాళ్లు కొద్దిమందే, వాళ్లకు మేత కొత్తవాళ్లు. కొత్తవాళ్లు రావాలంటే ప్రకటనలు కావాలి, బోనస్ కావాలి, సినిమా తార నవ్వు కావాలి. నైపుణ్యపు ఆట అన్న మాట నిజమే. ఆ నైపుణ్యం ఎవరి జేబు నింపుతోందన్నదే హిదయతుల్లా తీర్పులోని రెండో సగం అడిగింది.

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు ఒకసారి వచ్చి జారిపోయింది. చెన్నైలోని మహాలక్ష్మి కల్చరల్ అసోసియేషన్ కేసులో డబ్బు పెట్టి ఆడే రమ్మీ జూదమేనని మద్రాసు హైకోర్టు అంది. అప్పీలు ఢిల్లీ చేరింది, ఆన్‌లైన్ కంపెనీలూ వచ్చి చేరాయి. కింది కోర్టులో నిందితులు ఈలోగా నిర్దోషులుగా తేలడంతో 2015లో క్లబ్బు తన పిటిషన్ వెనక్కి తీసుకుంది. ఆన్‌లైన్ ఆట మీద సుప్రీంకోర్టు ఏమీ చెప్పకుండానే ఫైలు మూసింది. ఆ మౌనాన్ని కంపెనీలు అంగీకారంగా తీసుకున్నాయి. 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఫాంటసీ క్రికెట్‌ను నైపుణ్యమని ఒప్పుకునేటప్పుడు కూడా సికింద్రాబాద్ రమ్మీనే తలుచుకుంది. బంతి, బ్యాటు, పదకొండు మంది పేర్లు, అన్నిటికీ ఆధారం పదమూడు ముక్కలే అయ్యాయి.

వేటు మొదట పడిందీ ఆ కేసు పుట్టిన ఊళ్లోనే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించింది. రమ్మీలో కొంత నైపుణ్యం, కొంత అదృష్టం కలిసి ఉన్నాయి కాబట్టి అది నైపుణ్యపు ఆట కిందికి రాదంది. మరుసటి నెలలోనే మరో ఆర్డినెన్సు, ఆ తర్వాత చట్టం. సుప్రీంకోర్టు అరవై ఏడులో ఔనన్నదాన్ని శాసనంతో కాదనడం కాస్త మొరటు పద్ధతి అనే చెప్పాలి. హైదరాబాద్ కంపెనీ తన సొంత రాష్ట్రం వాళ్లను ఆడనివ్వలేని పరిస్థితి వచ్చింది. ఆఫీసు ఇక్కడ, ఆట ఇంకెక్కడో. కంపెనీలు హైకోర్టుకెక్కాయి.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా ఆర్డినెన్సు తెచ్చింది. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది, మళ్లీ పట్టుబడితే రెండేళ్లు. ఆడేవాళ్లకు ఆరు నెలలు. మరుసటి నెలలోనే అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి కేంద్ర ఐటీ మంత్రి రవిశంకర్ ప్రసాద్‌కు లేఖ రాసి 132 సైట్లను, యాప్‌లను రాష్ట్రంలో కనబడకుండా ఆపించమని కోరారు. రాష్ట్రం చట్టం చేయగలదు, కానీ ఇంటర్నెట్ తాళంచెవి ఢిల్లీలో ఉంటుంది. చట్టానికీ తాళంచెవికీ మధ్య ఉన్న ఈ దూరంలోనే ఆన్‌లైన్ ఆట హాయిగా నడిచింది.

ఆ రోజుల్లో రమ్మీ ప్రకటనల చివర ఒక గొంతు ఊపిరి తీసుకోకుండా కొన్ని రాష్ట్రాల పేర్లు చదివేది. ఫలానా ఫలానా రాష్ట్రాల వారు ఆడరాదు అని. ఆ జాబితాలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉండేవి, ప్రకటన మాత్రం తెలుగు చానెళ్లలోనే వచ్చేది. ఫోన్ ఎక్కడుందో యాప్ అడిగితే అబద్ధం చెప్పే ఇంకో యాప్ దొరికేది. సరిహద్దు దాటడానికి బస్సెక్కనక్కర్లేదు.

మిగతా దక్షిణాది రాష్ట్రాలు కూడా నిషేధాలు చేసి కోర్టుల్లో దెబ్బ తిన్నాయి. 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు తమిళనాడు చట్టాన్ని, సెప్టెంబరులో కేరళ హైకోర్టు అక్కడి నోటిఫికేషన్‌ను, 2022 ఫిబ్రవరిలో కర్ణాటక హైకోర్టు ఆ రాష్ట్ర చట్టాన్ని కొట్టేశాయి. మూడింటి వెనకా 1967 తీర్పే. తమిళనాడు మాత్రం పట్టు వదలక మళ్లీ చట్టం చేసింది. 2023లో హైకోర్టు రమ్మీ, పోకర్‌ల నిషేధాన్ని ఒప్పుకోలేదు గానీ ఆట వేళలు, వయసు వంటివి నియంత్రించవచ్చంది. దాంతో 2025లో అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదింటి దాకా డబ్బు ఆటలు బంద్ అనే నిబంధన వచ్చింది. హైకోర్టు దాన్ని సమర్థించింది. ఈ మొత్తం కథలో ఎవరైనా తెలివిగా ఆలోచించారంటే ఈ ఒక్క చోటే. పాత క్లబ్బు రాత్రి వేసే తాళాన్ని యాప్‌కు కూడా వేశారు. దానికి ఏడాదైనా సమయం దొరకలేదు.

ఈలోగా పన్నులవాళ్లూ బల్ల దగ్గరికి వచ్చారు. కంపెనీలు తమ కమీషన్ మీద జీఎస్టీ కడుతుంటే, ఆటగాళ్లు పెట్టే మొత్తం డబ్బు మీద కట్టాలని శాఖ పట్టుబట్టింది. గేమ్స్‌క్రాఫ్ట్ అనే కంపెనీకి 2022లో దాదాపు 21,000 కోట్ల రూపాయలకు నోటీసు వెళ్లింది. 2023 మేలో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది, రమ్మీ నైపుణ్యం కాబట్టి అది జూదం పన్ను కిందికి రాదని. సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. జీఎస్టీ మండలి అక్టోబరు 1 నుంచి ఆట ఏదైనా సరే, పెట్టిన మొత్తం మీద 28 శాతం అని నిర్ణయించింది. నైపుణ్యమా అదృష్టమా అన్న గీతను మొదట చెరిపింది నిజానికి న్యాయశాస్త్రం కాదు, ఖజానా.

ఇవన్నీ సభ్యమైన గొడవలు. వీటి పక్కనే అసభ్యమైనది ఇంకొకటి పెరిగింది. 2020 ఆగస్టులో హైదరాబాద్ పోలీసులు రంగు జోస్యం ఆట నడిపే చైనా ముఠాను పట్టుకున్నారు. ఎరుపా, ఆకుపచ్చా అని పందెం. చేతులు మారిన సొమ్ము వెయ్యి కోట్లు దాటిందన్నారు. టెలిగ్రామ్ గ్రూపుల ద్వారా మనుషుల్ని చేర్చుకునేవారు. దీనికి నైపుణ్యమన్న ముసుగు కూడా అక్కర్లేదు, మూడు ముక్కలాటకే ఇది చిన్న తమ్ముడు. క్రికెట్ పందేల యాప్‌లూ అంతే. 2025 మార్చిలో హైదరాబాద్‌లో, సైబరాబాద్‌లో పోలీసులు ఇలాంటి యాప్‌లకు ప్రచారం చేశారని పలువురు సినీ నటుల మీద, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసులు పెట్టారు. అప్పుడు ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ ఈ ప్రచారాల మీద రోజూ పోస్టులు పెడుతూ ఒంటిచేత్తో ఉద్యమమే నడిపారు. బస్సుల అధికారికి ఈ పని ఎందుకని కొందరన్నారు. అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న కుర్రాళ్ల వార్తలు వారం వారం వస్తుంటే ఆ మాట నిలవలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు మూడు రోజుల్లో అంతా ముగించింది. 20న లోక్‌సభలో ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ బిల్లు పెట్టారు, ఆ రోజే ఆమోదం. 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా నిషేధం. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు మళ్లించే బ్యాంకులకూ శిక్ష ఉంది. ఆడేవాడికి మాత్రం ఏమీ లేదు, వాడు బాధితుడు. దేశంలో 45 కోట్ల మంది ఏటా దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం అంచనా చెప్పింది. పందెం లేని ఈ-స్పోర్ట్స్‌కు అదే చట్టంలో గుర్తింపు ఇచ్చారు. కొన్నాళ్లలోనే భారత క్రికెట్ జట్టు జెర్సీ మీద నుంచి ఫాంటసీ క్రికెట్ సంస్థ డ్రీమ్ ఇలెవన్ పేరు పోయింది, ఆసియా కప్‌ను మనవాళ్లు స్పాన్సర్ లేని చొక్కాలతో ఆడారు.

ఈ చట్టాన్ని 1867 పక్కన పెట్టి చూస్తే వింతగా ఉంటుంది. గురి మళ్లీ నడిపేవాడి మీదకే వచ్చింది, ఆడేవాడిని ఈసారి పూర్తిగా వదిలేశారు. ఆడేవాడికి ఆరు నెలలు వేసిన ఆంధ్రప్రదేశ్ సవరణ కంటే ఇది మెరుగే. కానీ తీర్పులోని రెండో సగం కోరింది ఇంత గంపగుత్త వేటు కాదు. లాభం ఎంత, ఎలా, ఎవరి నుంచి అని విప్పి చూడమంది. కమీషన్‌కు పరిమితి, రోజుకు నష్టానికి పరిమితి, రాత్రి తాళం, ఓడిపోతున్నవాడికి ఫోన్ చేసి బోనస్ ఎర వేయకూడదన్న కట్టడి, ఇవేవీ దేశం మొత్తం మీద ఎన్నడూ ప్రయత్నించలేదు. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో స్వీయ నియంత్రణ సంస్థలంటూ ఏదో అన్నారు. అవి కాగితం దాటలేదు. పరిశ్రమ కూడా తనంతట తాను పెద్దగా ముందుకు రాలేదు. పదేళ్లపాటు నైపుణ్యం, నైపుణ్యం అన్న ఒక్క మాట మీదే నడిచింది. ఆ మాట చట్టంలో చెల్లనిదయ్యేసరికి చేతిలో వేరే ముక్క లేదు.

చట్టం మీద మొదటి పిటిషన్లలో ఒకటి హైదరాబాద్‌లో పుట్టిన ఆ రమ్మీ కంపెనీదే. కర్ణాటక హైకోర్టులో వేసింది. ఢిల్లీ, మధ్యప్రదేశ్ హైకోర్టుల్లోనూ కేసులు పడ్డాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అన్నిటినీ తన దగ్గరికి తెప్పించుకుంది. వాదనలో రెండు ముడులున్నాయి. ఒకటి, రమ్మీ ఆడించడం వ్యాపార స్వేచ్ఛ కిందికి వస్తుందా రాదా. రెండోది, రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలో ముప్పై నాలుగో అంశం. దాని మీద పార్లమెంటు చట్టం చేయవచ్చా? సరిహద్దులు లేని ఆటకు రాష్ట్రం సరిపోదని కేంద్రం అంటోంది. జూదం కాదు కాబట్టే మాది వ్యాపారం అంటున్న కంపెనీలు, జూదమైతే అది రాష్ట్రాల పని కదా అని కూడా అంటున్నాయి. రెండు వాదనలూ ఒకే నోటితో చెప్పడానికి కూడా కొంత నైపుణ్యం కావాలి.

చట్టం వచ్చాక దేశీ కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. ఉద్యోగాలు పోయాయి, కొన్ని సంస్థలు ఉచిత ఆటల వైపు మళ్లాయి. విదేశాల నుంచి నడిచే పందేల సైట్లకు ఈ చట్టంతో పెద్దగా భయం లేదు. 2022 నుంచి 2025 మధ్య కేంద్రం ఇలాంటి సైట్ల మీద 1,500కు పైగా నిరోధక ఉత్తర్వులు ఇచ్చింది. సైటు చిరునామాలో ఒక అంకె మార్చి, మర్నాడు అదే రంగుతో, అదే పేరుతో అవి తెరుచుకుంటాయి. డబ్బు మాత్రం ఎవరిదో తెలియని అద్దె ఖాతాల్లో పడుతుంది. ఆ ఖాతాలు ఊళ్లలో నిరుద్యోగుల పేర్ల మీద ఉంటాయి. అందుకే ఇప్పుడు సైబర్ క్రైమ్ పోలీసులు సైట్ల కంటే ముందు బ్యాంకు పాస్‌పుస్తకాల వెంట పడుతున్నారు.